ఛాయాచిత్రము చెప్పు సాక్ష్యము

దేశాటనము విద్యలో నొక భాగమని పెద్దలు చెప్పుదురు. పూర్వము యాత్రకు పోయినవారు తిరిగివచ్చి తాము చూచిన కొండలను, కోవెలలను, నదులను, మృగపక్షులను మాటలతో వర్ణింపగా, ఇంటనున్నవారు విని యానందించెడివారు. విన్నవారు ఎవరికి తోచినట్లు వారు మనస్సున చిత్రించుకొనెడివారు. ఛాయాగ్రహణయంత్రము పుట్టిన పిమ్మట ఈ స్థితి మాఱినది. నేడు ఈజిప్టు పిరమిడ్లను, నయాగరా జలపాతమును, ఆఫ్రికా మైదానములలోని సింహములను ఎఱుగని బాలుడు లేడు, ఎఱిగినదంతయు బొమ్మలలోనే. ఇప్పుడు చేతిఫోనులోనే కెమెరా యుండుటచే విహారయాత్రకు పోయిన తరగతి యొక్కపూటలో వందలకొలది చిత్రములతో తిరిగివచ్చుచున్నది. వానిలో నెక్కువభాగము వారము దాటకమునుపే మఱపున పడును. మఱపున పడనివి యెట్టివి? ఏ చిత్రము నూఱేండ్ల తరువాతను ఒకనికి పనికివచ్చును? ఈ ప్రశ్నకు జవాబు వెదకుటకు దూరదేశములకు పోనక్కఱలేదు. మన కృష్ణాతీరమే చాలును.

మొదట యంత్రమును గూర్చి రెండుమాటలు. కెమెరా యనగా నొక చీకటిపెట్టె. దాని ముందుభాగమున నున్న కటకము వెలుపలి వస్తువులనుండి వచ్చు వెలుతురును లోనికి గొనిపోయి, వెనుకభాగమున తలక్రిందుగా బొమ్మ కట్టించును. ఈ సంగతి చిరకాలమునుండి తెలిసినదే. ఆ బొమ్మను మాసిపోకుండ నిలుపు ఉపాయము మాత్రము 1839లో లోకమునకు వెల్లడియైనది. ఫ్రాన్సులో డాగెర్ వెండిపూత గల రాగిరేకుమీదను, ఇంగ్లండులో టాల్బట్ వెండిలవణము పట్టించిన కాగితముమీదను దానిని సాధించిరి. డాగెర్ రేకు ఒక్కటే ప్రతి. టాల్బట్ మఱి రెండేండ్లకు బాగుపఱచిన పద్ధతిలోనో, నలుపు తెలుపై తెలుపు నలుపై కనబడు నెగెటివ్ కాగితమునుండి కావలసినన్ని ప్రతులు తీయవచ్చును. ఈ కాగితపు పద్ధతియే కొంత మెఱుగుపడి మన దేశమునకు వచ్చి, మన అమరావతీ శిల్పముల కథలో చేరినది.

విజయవాడకు ఎగువను, కృష్ణకు కుడిగట్టున, అమరావతీ గ్రామమున్నది. క్రీస్తుపూర్వపు శతాబ్దములలో ఆరంభమై, క్రీస్తుశకము మూడవ శతాబ్దమువఱకు పెంపొందిన మహాస్తూపము అక్కడ నుండెను. దానికి పొదిగిన శిలలను పాలరాళ్లని పిలుచుట వాడుకయేకాని, నిజమునకవి పలనాటి సున్నపురాళ్లు. లేతపచ్చ ఛాయ గల తెలుపువి, ఉలికి మెత్తనివి, వానకును సులభముగా లొంగునవి. 18వ శతాబ్దపు చివరియేండ్లలో వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు అచ్చట క్రొత్తపట్టణము కట్టించునప్పుడు, దిబ్బలోని రాళ్లు కట్టడములకు తరలిపోయినవి. ఆ దినములలోనే కాలిన్ మెకంజీ యా దిబ్బను చూచెను. 1816లో ఆయన మరల వచ్చునప్పటికి దిబ్బనడుమ చెఱువు త్రవ్వబడి యుండెను. ఆయన వెంటనున్న చిత్రకారులు మిగిలిన ఫలకములను ఓపికతో గీసిరి. వారు గీసిన శిల్పములలో కొన్ని నేడెక్కడను కానరావు. వానికి మిగిలిన రూపమెల్ల ఆ గీతలే.

1845లో సర్కారు జిల్లాల కమిషనరైన వాల్టర్ ఎలియట్ దిబ్బను మరల త్రవ్వించి, దొరకిన ఫలకములను మదరాసునకు పంపించెను. అవి యచ్చట ఏండ్లతరబడి ఆరుబయట ఎండకు ఎండి వానకు తడియుచు పడియుండెను. ఇట్లుండగా 1858లో ఒక సైనికోద్యోగి వానియెదుట కెమెరా నిలిపెను. ఆయన పేరు లిన్నేయస్ ట్రైప్. మదరాసు సైన్యమున కెప్టెను. 1855లో బర్మాకు పోయిన దౌత్యబృందముతో వెళ్లి యచ్చటి కట్టడములను చిత్రించి పేరొందినవాడు. 1856లో మదరాసు ప్రభుత్వపు ఛాయాచిత్రకారుడుగా నియమింపబడినవాడు. అంతకుముందే మధుర, తంజావూరు, శ్రీరంగము మొదలగు క్షేత్రములు తిరిగి తీసిన చిత్రములు నేటికిని ప్రసిద్ధములు. తంజావూరి బృహదీశ్వరాలయపు అధిష్ఠానమున చెక్కిన శాసనములను వరుసగా తీసి, 21 ప్రతులను ఒకదానిప్రక్కనొకటి అతికి, 19 అడుగుల పొడవుగల ఒక్క చిత్రముగా చేసెను. మదరాసు మ్యూజియములోని అమరావతీ ఫలకములు మొదలగువానిని 75 చిత్రములుగా కూర్చి యొక సంపుటమును సిద్ధపఱచెను.

ఆ కాలమున ఇది యెంతపనియో నేటి బాలురు ఊహింపవలెను. ట్రైప్ వాడినది మైనము పట్టించిన కాగితము. మైనముచే కాగితము పారదర్శకమగును. కొన్నిదినములు ముందుగా సిద్ధము చేసి పెట్టుకొనవచ్చును. బొమ్మ తీసిన పిమ్మట కొంత తీరికగా కడుగవచ్చును. అప్పటి రెండవ పద్ధతియైన తడిగాజుపలకకు ఈ సౌకర్యము లేదు. పూత ఆరిపోకమునుపే, అనగా కొన్ని నిమిషములలోనే, పలకను సిద్ధము చేయుట, తీయుట, కడుగుట యన్నియు ముగియవలెను; వెంట చీకటిడేరా మోసికొనిపోవలెను. ఎండదేశమున తిరుగువానికి మైనపుకాగితమే అనుకూలము. అయితే దానికి నిమిషములకొలది వెలుతురు కావలసియుండెను. ఆ నిమిషములలో కదలినదేదియు కాగితమున నిలువదు. ఆనాటి ఆలయచిత్రములలో వీథులు, ప్రాకారములు జనశూన్యములై కనబడుటకు ఇదియే ముఖ్యకారణము. నిత్యము జనసమ్మర్దముతో నుండు గోపురద్వారమైనను నిర్మానుష్యమైనట్లు తోచును. చిత్రము అబద్ధమాడలేదు, కాని తొందరగా నడచువారినిగూర్చి చెప్పలేకపోయినది.

మఱియొక విశేషము. ఆనాటి వెండిలవణములకు నీలికాంతి మిక్కిలి తగులును. అందుచే ఆకాశము మబ్బుతునుకయైనను లేక తెల్లగా నుండిపోవును. అది చూడ బాగుండదని ట్రైప్ తన నెగెటివుల మీద చేతితోనే మబ్బులను చిత్రించెడివాడు. కొన్నిచోట్ల ఆకులకు కూడ మెఱుగుపెట్టెను. నేడు ఫోనులో నొక్క మీటతో ఎఱ్ఱని సంధ్యాకాశమును తగిలించుకొనువారు తాము క్రొత్తపని చేయుచున్నామని తలపనక్కఱలేదు. నా అభిప్రాయమున మబ్బు గీసినంతమాత్రమున నష్టము లేదు, శిల్పముమీద చేయి పెట్టనంతవఱకు. చరిత్రకారుడు ట్రైప్ ఆకాశమును చూడడు, రాతిని చూచును.

తరువాతి కథ వినిన నాతని చిత్రముల విలువ తెలియును. 1859లో ఆ ఫలకములు నూటికి మించి ఓడలో లండనుకు పోయినవి. అక్కడనైన వానికి సుఖము కలుగలేదు. కొన్ని వెలుపలిగోడకు చేర్చబడి చలికిని మంచునకును దెబ్బతినినవి. తక్కినవి బండ్లకొట్టమున పడియుండగా, 1867లో ఫెర్గుసన్ అను శిల్పచరిత్రకారుడు వానిని వెదకి పట్టుకొనెను. వాని ఛాయాచిత్రములతో నాయన 1868లో గొప్ప గ్రంథమును ప్రకటించెను. 1880లో ఫలకములు బ్రిటిషు మ్యూజియమునకు చేరినవి. ఇప్పుడు అమరావతీ శిల్పమును చూడగోరువాడు లండనునకును, చెన్నపట్టణపు మ్యూజియమునకును, అమరావతిలోని పురావస్తుశాలకును పోవలెను. ఒక ఫలకపు అంచు ఎప్పుడు విఱిగెను, ఒక ముఖము ఎప్పుడు అరిగెను అని శంక కలిగినప్పుడు, పరిశోధకులకు 1858 నాటి ఆ కాగితములు సాక్ష్యమిచ్చుచున్నవి. ట్రైప్ ఉద్యోగము మాత్రము నిలువలేదు. క్రొత్తగా వచ్చిన గవర్నరు ట్రెవెల్యన్ అది విలాసపు ఖర్చని తలచి, 1859లో దానిని మాన్పించెను. పొదుపు మంచిదే, కాని యా పొదుపువలన మన సర్కారు జిల్లాలలోని ఎన్నియో కట్టడములు ఆనాటి రూపమున చిత్రమునకు ఎక్కకపోయినవని తలచినప్పుడు బాధ కలుగును.

చిత్రము సాక్ష్యము చెప్పుటయేకాక, ఒక్కొక్కప్పుడు చోటును రక్షించును. 1871లో విలియం హెన్రీ జాక్సన్ అమెరికాలోని యెల్లోస్టోన్ లోయకు పరిశోధకబృందముతో పోయి, అచ్చటి వేడినీటిబుగ్గలను, జలపాతములను చిత్రించి తెచ్చెను. వినినవారు కట్టుకథలనుకొన్న వింతలు కండ్లకు కట్టినవి. మఱుసటి సంవత్సరమే, 1872లో, అమెరికా కాంగ్రెసు ఆ ప్రదేశమును జాతీయవనముగా ప్రకటించెను. ఆ చిత్రములు సభ్యుల మనస్సును త్రిప్పుటకు తోడ్పడినవి. మన అమరావతికి ఆ యదృష్టము పట్టలేదు. అక్కడ కెమెరా వచ్చునప్పటికి దిబ్బ చెదరిపోయినది.

నాగార్జునకొండ విషయమున మనము మెలకువతో నుంటిమి. 1926లో కనుగొనబడిన ఆ లోయను లాంగ్‌హర్స్టు మొదలగువారు త్రవ్వించి చిత్రించిరి. 1955లో నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరుగుటచే లోయ మునుగుట నిశ్చయమై, అంతకు ముందేడాదినుండియే పురావస్తుశాఖవారు విస్తారముగా త్రవ్వకములు జరిపిరి. కొన్ని కట్టడములు రాయిరాయిగా విప్పబడి కొండమీదను, అనుపులోను మరల నిలుపబడినవి. తక్కినదంతయు నీటిక్రింద నున్నది. శిఖరము నేడు ద్వీపమై, లోయ పూర్వరూపము ఫోటోలలోనే మిగిలినది.

ఇంకను దగ్గఱకు రండు. ఇంద్రకీలాద్రికిని సీతానగరపు కొండకును నడుమ 1852లో ఆరంభించి 1855లో ముగించిన ఆనకట్ట కృష్ణా మండలమునకు అన్నము పెట్టినది. అది 1952లో తెగినది. దాని ఎగువను 1954 మొదలు 1957 వఱకు కట్టిన ప్రకాశము బ్యారేజి, 1223 మీటర్లకు మించిన పొడవుతో, 70 తలుపులతో నిలిచియున్నది. వరి పండించిన ఆ పాత ఆనకట్ట యెట్లుండెనో చూపుమని పిల్లవాడడిగిన, తాత పాతఫోటోనే చూపవలెను. 2024 సెప్టెంబరులో బ్యారేజివద్ద 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీరు పాఱినది. అంతటి ప్రవాహము అక్కడ మునుపెన్నడును నమోదుకాలేదు. ఆ దినములలో బుడమేటి నీరు నగరమున జొచ్చినప్పుడు జనులు తీసిన చిత్రములు లెక్కకు మించినవి. వానిలో నీరు ఏ గుమ్మపు ఎన్నవ మెట్టును తాకినదో తెలుపునవి మిక్కిలి విలువగలవి. నీటి విశాలమును మాత్రము చూపునవి భయము కలిగించునుగాని లెక్క చెప్పవు.

అందుచే ప్రకృతిదృశ్యమును తీయువాడు కొలతకు పనికివచ్చు వస్తువు నొకదానిని చిత్రములో నుండనీయవలెను. మనిషి, పడవ, తాడిచెట్టు, కాలువలాకు ఏదైనను చాలును. వెలుతురు దిక్కునుగూడ చూచుకొనవలెను. శీతకాలమున సూర్యుడు దక్షిణపు వాలున నడచును. ఆ దినములలో సీతానగరపు గట్టున నిలిచి ఉత్తరమున నున్న ఇంద్రకీలాద్రిని తీసిన, ఎండ మన వీపుమీద పడి కొండరాళ్లు స్పష్టముగా వచ్చును. అమ్మవారి కొండనుండి నదివైపు తీసిన, సూర్యుడు కటకమునకు ఎదురై నీరు మెఱయును, గట్టు నల్లబడును. రెండును తప్పుగావు, ఏది కావలెనో ముందు తెలిసియుండవలెను.

ఉండవల్లికి పోయినప్పుడు మఱియొక జాగ్రత్త. ఆ నాలుగంతస్తుల గుహాలయమున పడుకొనియున్న అనంతశయనమూర్తిని తీయగోరువారు తఱచు ఫోనులోని మెఱుపుదీపమును వెలిగింతురు. ఎదురుగా పడిన వెలుతురు నీడలను చంపును. నీడలేని శిల్పము గోడకు అంటించిన కాగితమువలె నుండును. ద్వారముననుండి ప్రక్కవాటుగా వచ్చు వెలుతురుకొఱకు వేచి, ఫోనును స్తంభమునకు ఆనించి కదలకుండ తీసిన, ఉలిచెక్కిన ప్రతిమడతయు లేచివచ్చును. ఇందుకు తలిదండ్రులను క్రొత్తకెమెరా కొనియిమ్మని వేధింపనక్కఱలేదు.

ఇక మృగపక్షుల సంగతి. రాయి పాఱిపోదు, పక్షి పాఱిపోవును, కష్టమంతయు అచ్చటనే. ఇంగ్లండులో కియర్టన్ సోదరులు 1892లో గుడ్లతోగూడిన పక్షిగూటిని చిత్రించి క్రొత్తమార్గము త్రొక్కిరి. పక్షులు బెదరకుండుటకై వారు బోలుగా చేసిన ఎద్దుతోలు బొమ్మలో దాగి, దాని రంధ్రమునుండి కటకమును చూపి చిత్రములు తీసిరి. మన రైతులు చూచియున్న ఎంత నవ్వుకొనియుందురో! అమెరికాలో జార్జి షైరాసు అడవిదారికి అడ్డముగా తీగ కట్టి, దుప్పి దానిని తాకగానే దీపము భగ్గున మండి బొమ్మ పడునట్లు ఏర్పాటు చేసెను. అతని రాత్రిచిత్రములు మొదలగునవి 74, 1906లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికలో వెలువడినవి.

ఆ తీగకు మనుమడని చెప్పదగిన యంత్రము నేడు హంసలదీవి చెంతనున్న మడ అడవులలో పనిచేసినది. కృష్ణా వన్యప్రాణి సంరక్షణకేంద్రమున చెట్లకు కట్టిన కెమెరాలు జంతుశరీరపు వేడిమిని, కదలికను పసిగట్టి తమంతట తామే చిత్రము తీయును. నీటిలో దిగి చేపలు పట్టు బావురుపిల్లి యిట్లే చిక్కినది. రాత్రివేళ తిరుగు ఆ జంతువును ఆ ప్రాంతపు జాలరులలోనే అనేకులు చూచియుండరు. అది యచ్చట నున్నదని చెప్పుట వేఱు, ఒంటిమచ్చలతో సహా చూపుట వేఱు. ఏ రెండు పిల్లుల మచ్చలును ఒక్కతీరున నుండవు గనుక, చిత్రములను పోల్చి యెన్ని యున్నవో అంచనా కట్టుటకును వీలగుచున్నది.

కొల్లేటి గూడబాతుల చరిత్ర కొంత విచారకరము, కొంత సంతోషకరము. ఈ సరస్సునకు సమీపమున ఆరేడు గ్రామమువద్ద గూళ్లుకట్టు గూడబాతులను గూర్చి కె. కె. నీలకంఠన్ బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘపు పత్రికలో 1949లో వ్రాసెను. 1970ల నాటికి కొల్లేటి ప్రాంతమున ఆ పక్షుల పెద్దకాలనీ లేకపోయినది. తరువాత చేపలచెఱువులు సరస్సును ఆక్రమించినవి. 1999లో సంరక్షణకేంద్రముగా ప్రకటింపబడి, 2002లో అంతర్జాతీయప్రాముఖ్యము గల చిత్తడినేలల పట్టికకు ఎక్కి, 2005, 2006 సంవత్సరములలో అనేక చెఱువుల గట్లు తెగగొట్టబడినవి. ఇప్పుడు కైకలూరు చెంతనున్న ఆటపాకలో గూడబాతులును, ఎఱ్ఱకాళ్ల కొంగలును శీతకాలమున వందలకొలది గూళ్లుకట్టుచున్నవి. నిలిచియున్న నీటిలో చెట్లు చాలకపోవుటచే అటవీశాఖవారు వానికి ఇనుపమంచెలు నిలిపిరి. పక్షులు వానిమీదనే పుల్లలు పేర్చి పిల్లలను పెంచుచున్నవి.

ఇక్కడ ఛాయాచిత్రకారులు చేయు నొకపని నాకు నచ్చదు. వారు పడవను అటునిటు త్రిప్పించి, ఇనుపమంచె కనబడకుండ, ఆకాశమును పక్షియు మాత్రమే యుండునట్లు తీయుదురు. చిత్రము అందముగానే యుండును. కాని ఏబదియేండ్ల తరువాత దానిని చూచినవాడు కొల్లేట చెట్లకు కొదవలేదని తలపవచ్చును. ఆ మంచెయే కొల్లేటి కథలో ముఖ్యమైన వాక్యము. దానిని విడిచి తీసినది అలంకారము. దానితో కూడ తీసినది చరిత్ర. రెండుచిత్రములు తీయుడు, ఒకటి గోడకు, ఒకటి పుస్తకమునకు. పడవను మాత్రము గూళ్ల దగ్గఱకు తోలుమని పడవవానిని తొందరపెట్టకుడు. తల్లిపక్షి లేచిపోయిన కొలదినిమిషములలోనే యెండ గుడ్లను, రెక్కలురాని పిల్లలను బాధించును; కాకులును కనిపెట్టియుండును. తలయెత్తి మనవైపు చూచుచున్న పక్షుల సంఖ్య హెచ్చినప్పుడే మనము మితిమీఱితిమని గ్రహింపవలెను.

చిత్రము తీసినపిమ్మట పని ముగిసినట్లు చాలమంది తలతురు. ట్రైప్ అట్లు తలపలేదు. అతని సంపుటములలో స్థలము, విషయము అచ్చువేయబడి యుండుటచేతనే అవి నేటికిని ఉపయోగపడుచున్నవి. ఫోను దినమును, గంటను తానే వ్రాసికొనును, అనుమతించిన చోటునుగూడ వ్రాసికొనును. అయితే ఆ చిత్రమును వాట్సాప్‌లో స్నేహితునికి పంపగానే యా వివరములు సామాన్యముగా తొలగిపోవును, పరిమాణమును తగ్గును. కావున మూలప్రతిని వేఱుగా దాచుకొనవలెను. మంచివి సంవత్సరమునకు పదియో పండ్రెండో ఎంచి, కాగితముమీద అచ్చువేయించి, వెనుకవైపున మెత్తని పెన్సిలుతో వ్రాయవలెను. సిరా తడికి వ్యాపించి ముందువైపునకు దిగును. వ్రాయవలసినది కొంచెమే: ఎక్కడ నిలిచి, ఏ దిక్కునకు చూచి, ఏ తేదీని, ఏ గంటకు తీసినది, చిత్రములో నున్నదేమి, నదియైన నీరు ఏ మెట్టుదాక నున్నది. పాఠశాలకు సమీపమున ఒకచోటు నిర్ణయించుకొని, సీతానగరపు స్నానఘట్టమున నొకమెట్టు కావచ్చును, ఊరి కాలువలాకు కావచ్చును, ప్రతిసంవత్సరము ఒకే దినమున, అదేచోట నిలిచి, అదేదిక్కునకు ఒకచిత్రము తీసిన, పదవతరగతి ముగియునాటికి ఐదు చిత్రములగును. ఆల్ప్సు పర్వతములలోని మంచునదులు ఎంతవెనుకకు తగ్గినవో శాస్త్రజ్ఞులు కొలుచుట యీ రీతిగనే. వారి మొదటిచిత్రములు 19వ శతాబ్దమున తీసినవి. ఆఱవతరగతివారు ఈ జనవరినుండియే మొదలుపెట్టవచ్చును. ఆ నెలలో ఆకాశము నిర్మలముగా నుండును, ఎండ ప్రక్కవాటున పడును, ఆటపాకలో పక్షులును ఉండును.